రిగ్లీ ఫీల్డ్ తెరవెనుక సిబ్బంది

రిగ్లీ ఫీల్డ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో, చికాగో నగరపు ఉత్తర భాగాన ఉన్న బేస్‌బాల్ క్రీడాస్థలం. ఇది మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఆడే చికాగో కబ్స్ జట్టుకు సొంత మైదానం. 1914లో ప్రారంభమైన ఈ మైదానం, ఆ లీగులో నేటికీ వాడుకలో ఉన్నవాటిలో బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కు (1912) తర్వాత అతి పురాతనమైనది. ఇక్కడ సుమారు 41 వేల మంది ప్రేక్షకులు కూర్చొనవచ్చును.

ఒక్కొక్క జట్టు సాధారణ సీజనులో 162 ఆటలు ఆడుతుంది. అందులో 81 సొంత మైదానంలో జరుగుతాయి. మార్చి చివరినుండి సెప్టెంబరు చివరివరకు సాగే ఈ సీజనులో ఆటగాళ్ళు అందరికీ కనిపిస్తారు. అయితే మట్టిని చదును చేసేవారు, వర్షం వస్తే టార్పాలిన్ పరచేవారు, స్కోరుబోర్డులో అంకెలు మార్చేవారు, బంతులకు బురద రుద్దేవారు, ఆటగాళ్ళ దుస్తులు ఉతికేవారు, తినుబండారాలు అమ్మేవారు లేనిదే ఒక్క ఆట కూడా జరుగదు. వీరి పని సక్రమంగా జరిగినంతకాలం ఎవరి దృష్టికీ రాదు. అందులో లోపం కలిగిన నాడు మాత్రం ఆట ఫలితమే మారిపోవచ్చును. ఈ వ్యాసం రిగ్లీ ఫీల్డ్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఆయా పనులను, వాటిని చేసేవారి ఉద్యోగ పరిస్థితులను వివరిస్తుంది.

నేపథ్యం

ఈ మైదానాన్ని చార్లెస్ వీగ్‌మన్ అనే వ్యాపారి ఫెడరల్ లీగ్ అనే పోటీ సంస్థకు చెందిన తన జట్టుకోసం కట్టించాడు. భవన శిల్పి జకరీ టేలర్ డేవిస్. ఫెడరల్ లీగ్ మూతపడిన తర్వాత, 1916లో కబ్స్ జట్టు ఇక్కడికి వచ్చింది. కొంతకాలానికి చూయింగ్ గమ్ వ్యాపారి విలియం రిగ్లీ జూనియర్ జట్టుకు యజమాని కావడంతో మైదానానికి ఆయన పేరు వచ్చింది.

1988 వరకు ఇక్కడ దీపాలు లేవు. ఆటలన్నీ పగటిపూటనే జరిగేవి. 1988 ఆగష్టు 8న మొదటిసారిగా దీపాల వెలుగులో ఆట మొదలైనా, వర్షం వలన మధ్యలోనే రద్దయింది. మరునాడు న్యూయార్క్ మెట్స్‌తో జరిగిన ఆట ఇక్కడి మొదటి పూర్తి రాత్రి ఆటగా నమోదయింది. 2014 తర్వాత కొన్నేళ్ళపాటు సాగిన పునర్నిర్మాణంలో వీడియో తెరలు, కొత్త క్లబ్‌హౌస్, ఇతర సదుపాయాలు ఏర్పడ్డాయి. 2020లో ఈ మైదానాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. పాతదనాన్ని కాపాడుకొంటూనే నేటి ఆటకు పనికివచ్చేలా ఉంచవలసి రావడం వలన ఇక్కడి సిబ్బంది పనికి ఒక ప్రత్యేకత ఉంది.

మైదాన సంరక్షణ

క్రికెట్‌లో పిచ్ తయారుచేసే క్యురేటర్‌కు ఎంత ప్రాముఖ్యం ఉన్నదో, బేస్‌బాల్‌లో మైదాన సంరక్షకునికి అంత ప్రాముఖ్యం ఉంది. క్రికెట్‌లో బంతి సాధారణంగా నేలను తాకి లేస్తుంది. బేస్‌బాల్‌లో బంతి విసిరే ఆటగాడు (పిచ్చర్) దానిని నేలకు తగలకుండానే బ్యాటర్ వైపు విసురుతాడు. కనుక ఇక్కడి నేల ప్రభావం మూడు చోట్ల కనిపిస్తుంది: పిచ్చర్ నిలబడే దిబ్బ, బ్యాటర్ నిలబడే చోటు, బంతి దొర్లే లోపలి మైదానం.

పిచ్చర్ దిబ్బ

పిచ్చర్ నిలబడేది 18 అడుగుల వ్యాసం గల గుండ్రని మట్టి దిబ్బ. దాని పైభాగంలో 24 అంగుళాల పొడవు, 6 అంగుళాల వెడల్పు గల తెల్లని రబ్బరు పలక అమర్చి ఉంటుంది. ఈ పలక నుండి బ్యాటర్ ముందున్న హోమ్ ప్లేటుకు దూరం 60 అడుగుల 6 అంగుళాలు. పలక, హోమ్ ప్లేటు కంటే 10 అంగుళాలు ఎత్తున ఉండాలి. 1968 వరకు 15 అంగుళాల ఎత్తు అనుమతించబడేది. ఆ సంవత్సరం పిచ్చర్లదే పైచేయి కావడంతో 1969 నుండి ఎత్తును తగ్గించారు. పలకకు 6 అంగుళాల ముందునుండి, అడుగుకు ఒక అంగుళం చొప్పున దిబ్బ వాలుగా దిగాలి.

ఈ కొలతలు కాగితంమీద స్థిరంగా ఉన్నా, నేలమీద ప్రతిరోజూ చెదిరిపోతాయి. బంతి విసిరిన ప్రతిసారీ పిచ్చర్ ముందుకాలు ఒకే చోట బలంగా పడటం వలన అక్కడ గుంత ఏర్పడుతుంది. ఆట ముగిసిన తర్వాత సిబ్బంది ఆ గుంతలోని పొడిమట్టిని ఊడ్చి, నీరు చల్లి, జిగురు గల కొత్త బంకమట్టిని నింపి, దిమ్మిసతో గట్టిపరచి, తేమ ఆరిపోకుండా పైన పట్టా కప్పుతారు. హోమ్ ప్లేటు పక్కన బ్యాటర్లు నిలబడే చోటునూ ఇదే విధంగా బాగుచేస్తారు. నింపిన మట్టి పాత మట్టితో అతకకపోతే మరునాడు పిచ్చర్ కాలు జారి గాయపడే ప్రమాదం ఉంది.

లోపలి మైదానం

బేస్‌ల చుట్టూ ఉండే మట్టి భాగంలో ఇసుక, ఒండ్రు, బంకమట్టి తగిన పాళ్ళలో కలిసి ఉంటాయి. ఇక్కడ ముఖ్యమైనది తేమ. మట్టి మరీ ఎండితే బంతి గట్టిగా ఎగిరి ఫీల్డరు ముఖానికి తగులవచ్చు. మరీ తడిస్తే పరుగెత్తేవారి కాళ్ళు దిగబడతాయి. అందువలన ఎండ, గాలి, మబ్బులను గమనిస్తూ ఆటకు ముందు ఎంత నీరు పెట్టాలో ప్రధాన సంరక్షకుడు నిర్ణయిస్తాడు. నీరు ఎక్కువైనపుడు పీల్చుకోవడానికి కాల్చిన బంకమట్టి పలుకులను చల్లుతారు. ఆట మధ్యలో, నియమిత ఇన్నింగ్సుల తర్వాత, సిబ్బంది ఇనుప వల వంటి చాపలను లాగి మట్టిని తిరిగి చదును చేస్తారు.

నేలను మార్చడం ద్వారా ఆటను ప్రభావితం చేయవచ్చునని తెలిపే ప్రసిద్ధ ఉదాహరణ శాన్ ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్కుకు సంబంధించినది. 1962లో లాస్ ఏంజలెస్ డాడ్జర్స్ ఆటగాడు మౌరీ విల్స్ ఒకే సీజనులో 104 బేస్‌లు దొంగిలించాడు. పిచ్చర్ బంతి విసిరే లోపల ఒక బేస్ నుండి మరొక దానికి పరుగెత్తడాన్ని బేస్ దొంగిలించడం అంటారు. అతని వేగాన్ని అడ్డుకోవడానికి శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ మైదాన సిబ్బంది మొదటి బేస్ దగ్గరి నేలను తవ్వి, వదులుగా ఉండే మిశ్రమంతో నింపి, బాగా తడిపారు. అంపైర్లకు ఫిర్యాదు వెళ్ళింది, నేలను సరిచేయించారు కూడా. అయినప్పటికీ ఆ సీజను చివర జెయింట్స్ జట్టే డాడ్జర్స్‌ను దాటి వరల్డ్ సిరీస్‌కు చేరుకున్నది.

పచ్చిక, తీగలు

రిగ్లీ ఫీల్డ్‌లో నిజమైన పచ్చికనే పెంచుతారు. 2007 సీజను ముగిసిన తర్వాత ఉపరితలాన్ని తిరిగి నిర్మించి, వర్షపు నీరు త్వరగా ఇంకిపోయేలా అడుగున కొత్త ఏర్పాట్లు చేశారు. పచ్చికపై కనిపించే లేత, ముదురు చారలు రెండు రకాల గడ్డి వలన ఏర్పడినవి కావు. కోత యంత్రం రోలరు గడ్డిని ఏ దిశలో వంచితే ఆ దిశనుబట్టి వెలుతురు వేరుగా ప్రతిఫలిస్తుంది.

వెలుపలి మైదానపు ఇటుక గోడను కప్పివేసిన తీగలు (ఐవీ) ఈ క్రీడాస్థలానికి గుర్తుగా మారాయి. వీటిని 1937లో బిల్ వీక్ నాటించాడు. సీజను మొదట్లో ఏప్రిల్ చలికి తీగలు మోడువారి ఉంటాయి; మే నెలలో ఆకులు కమ్ముకొంటాయి; శరదృతువులో ఎర్రబడతాయి. వీటిని కత్తిరించి అదుపులో ఉంచడం కూడా మైదాన సిబ్బంది పనే. బంతి తీగలలో చిక్కుకొంటే ఫీల్డరు చేతులు పైకెత్తాలి. అప్పుడు బ్యాటర్‌కు రెండు బేస్‌లు లభిస్తాయి. ఫీల్డరు చేతులెత్తకుండా వెదకడం మొదలుపెడితే ఆట కొనసాగుతున్నట్లే లెక్క.

వర్షం, టార్పాలిన్

వర్షం మొదలైన వెంటనే లోపలి మైదానాన్ని టార్పాలిన్‌తో కప్పాలి. మేజర్ లీగ్ మైదానాలలో ఇది సాధారణంగా 170 అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉంటుంది. దీనిని పొడవాటి గొట్టం వంటి రోలరుకు చుట్టి మైదానం ప్రక్కన ఉంచుతారు. వర్షం రాగానే సిబ్బంది ఆ రోలరును దొర్లించి, మడతలు విప్పి, అంచులు పట్టుకొని ఒకేసారి పరుగెత్తాలి. గాలి పట్టా క్రిందికి చొరబడితే అది తెరచాపలా లేచి మనుషులను లాగుతుంది. పైన నీరు చేరితే లాగలేనంత బరువెక్కుతుంది. కనుక ఈ పనికి మనుషుల సంఖ్య, వేగం రెండూ ముఖ్యమే. అంతకంటే ముఖ్యమైనది క్రిందటిసారి దానిని సరిగ్గా చుట్టి ఉంచడం.

2014 ఆగష్టు 19 సంఘటన

2014 ఆగష్టు 19 రాత్రి రిగ్లీ ఫీల్డ్‌లో కబ్స్, శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్ల మధ్య ఆట జరుగుతున్నది. ఐదవ ఇన్నింగ్సు సగం ముగిసేసరికి కబ్స్ 2-0తో ముందంజలో ఉన్నది. అప్పుడు ఒక్కసారిగా కుండపోత వర్షం కురిసింది. సిబ్బంది టార్పాలిన్‌ను లాగారు కాని అది సరిగా విప్పుకొనక, ప్రక్కకు జరిగి, లోపలి మైదానంలో కొంత భాగాన్ని కప్పలేకపోయింది. వర్షం కురిసింది సుమారు పావుగంట మాత్రమే. కాని అప్పటికే నేల బురదగా మారింది. 4 గంటల 34 నిమిషాలు వేచిచూసిన తర్వాత, అర్ధరాత్రి దాటాక అంపైర్లు ఆటను ముగించారు. సొంత జట్టు ముందంజలో ఉండి నాలుగున్నర ఇన్నింగ్సులు పూర్తయితే ఆట పూర్తయినట్లే లెక్క. కనుక కబ్స్ గెలిచినట్లు ప్రకటించారు.

జెయింట్స్ అధికారికంగా అభ్యంతరం తెలిపింది. మరునాడు లీగు విచారించి, టార్పాలిన్‌ను అంతకుముందు వాడిన తర్వాత సక్రమంగా చుట్టి పెట్టలేదని, ఇది సొంత జట్టు అధీనంలో ఉన్న యాంత్రిక సాధనం పనిచేయకపోవడం క్రిందికి వస్తుందని తేల్చింది. ఫలితాన్ని రద్దుచేసి, ఆగిన చోటునుండి ఆటను కొనసాగించమని ఆదేశించింది. మేజర్ లీగ్‌లో ఒక జట్టు అభ్యంతరం నెగ్గడం 1986 తర్వాత ఇదే మొదటిసారి. ఆగష్టు 21న ఆట కొనసాగగా కబ్స్ 2-1తో గెలిచింది. గెలిచినది ఆ జట్టే అయినా, చుట్టిపెట్టడంలో జరిగిన లోపం వలన ఒక ఆట ఫలితం రద్దయిన అరుదైన సందర్భంగా ఇది చరిత్రలో నిలిచింది.

ఈ సంఘటన తర్వాత చర్చ వేరొక దిశకు మళ్ళింది. వారానికి సగటున 30 గంటలు పనిచేసేవారికి ఆరోగ్య బీమా కల్పించాలన్న ఆనాటి కొత్త చట్టం దృష్ట్యా, సీజను సిబ్బంది పనిగంటలను ఆ పరిమితికి లోపల ఉంచారని చికాగో పత్రికలు వ్రాశాయి. సిబ్బంది కొరత వలననే ఇది జరిగిందన్న వాదనను జట్టు అంగీకరించలేదు. ఏది ఏమైనా, అప్పటివరకు ఎవరూ పట్టించుకొనని మైదాన సిబ్బంది పనిగంటలు ఒక్క రాత్రిలో దేశవ్యాప్త వార్తగా మారాయి.

టార్పాలిన్ మనుషులకు కూడా ప్రమాదకరమే. 1985 అక్టోబరులో సెయింట్ లూయిస్ కార్డినల్స్ ఆటగాడు విన్స్ కోల్మన్ కాలిపైకి, దానంతట అదే విప్పుకొనే టార్పాలిన్ యంత్రం దొర్లింది. ఆ గాయంతో అతడు ఆ సంవత్సరపు వరల్డ్ సిరీస్‌లో ఆడలేకపోయాడు.

స్కోరుబోర్డు

రిగ్లీ ఫీల్డ్ మధ్యభాగంలో, ప్రేక్షకుల వరుసలకు వెనుక ఎత్తుగా కనిపించే స్కోరుబోర్డును 1937లో నిర్మించారు. దాని ఎత్తు 27 అడుగులు, పొడవు 75 అడుగులు. ఇది నేటికీ మనుషుల చేతులమీదుగానే నడుస్తున్నది. అంకెలు వ్రాసిన లోహపు పలకలను లోపలినుండి కిటికీ వంటి గళ్ళలో అమరుస్తారు. బ్యాటర్ సంఖ్య, బాల్స్, స్ట్రైక్స్, అవుట్ల లెక్కలు మాత్రం పత్రికా విలేఖరులు కూర్చొనే గది నుండి విద్యుత్తు ద్వారా మారుతాయి.

పనివారు నిచ్చెన ఎక్కి, నేలలోని చిన్న తలుపు గుండా లోపలికి ప్రవేశిస్తారు. లోపల ఇరుకైన అంతస్తులున్నాయి. ఇక్కడి ఆటతో పాటు ఇతర నగరాలలో జరుగుతున్న ఆటల స్కోర్లు కూడా మార్చాలి. పూర్వం ఆ వివరాలు టెలిగ్రాఫు యంత్రం ద్వారా వచ్చేవి. ఇప్పుడు కంప్యూటరు ద్వారా వస్తున్నవి. బోర్డులో 12 ఆటలకు మాత్రమే చోటున్నది. మేజర్ లీగ్‌లో ఇప్పుడు 30 జట్లున్నందున ఒకేరోజు 15 ఆటలు జరగవచ్చు. కనుక కొన్ని ఆటల వివరాలను ఇందులో చూపలేరు. లోహపు గోడల మధ్య పని కావడం వలన వేసవిలో లోపల ఉక్కపోత, ఏప్రిల్‌లో చలి తీవ్రంగా ఉంటాయి.

స్కోరుబోర్డు పైన స్తంభాలకు నేషనల్ లీగ్ జట్ల జెండాలు ఎగురుతుంటాయి. ఆయా విభాగాలలో జట్ల స్థానాలను బట్టి వాటి వరుసను మారుస్తారు. ఆట ముగియగానే కబ్స్ గెలిస్తే తెల్లని గుడ్డపై నీలిరంగు 'డబ్ల్యూ' అక్షరం గల జెండాను, ఓడితే నీలి గుడ్డపై తెల్లని 'ఎల్' అక్షరం గల జెండాను ఎగురవేస్తారు. రేడియో, టెలివిజన్ అందుబాటులో లేనివారు, ముఖ్యంగా ప్రక్కన ఎత్తైన వంతెనపై వెళ్ళే రైలులోని ప్రయాణీకులు, ఫలితాన్ని దూరంనుండే తెలుసుకోగలిగేవారు. నేడు ఈ 'డబ్ల్యూ' జెండా అభిమానుల ఇళ్ళ ముందు కూడా కనిపిస్తుంది.

బంతుల తయారీ

కర్మాగారం నుండి వచ్చే కొత్త బంతి తోలు నున్నగా, మెరుస్తూ ఉంటుంది. దానిని అలాగే వాడితే పిచ్చర్‌కు పట్టు చిక్కదు. పట్టు చిక్కని బంతి గంటకు 90 మైళ్ళకు పైగా వేగంతో దారితప్పితే బ్యాటర్ తలకు తగులవచ్చు. 1920 ఆగష్టులో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు బంతి తగిలి మరణించాడు. ఆనాడు ఒకే బంతిని మురికిపట్టి నల్లబడే వరకు వాడేవారు; అది బ్యాటర్‌కు సరిగా కనిపించేది కాదు. ఆ తర్వాత మాసిన బంతులను వెంటనే మార్చడం అలవాటయింది. దానితో కొత్త బంతుల నునుపు తగ్గించవలసిన అవసరం పెరిగింది.

1938లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ శిక్షకుడు లీనా బ్లాక్‌బర్న్ న్యూజెర్సీ రాష్ట్రంలో, డెలావేర్ నదికి చెందిన ఒక ఉపనది ఒడ్డున దొరికే మెత్తని బురద ఇందుకు పనికివస్తుందని గుర్తించాడు. అది తోలును గీరకుండా, ఎక్కువగా నల్లబరచకుండా నునుపును మాత్రమే పోగొడుతుంది. ఆ బురద తీసే చోటును నేటికీ రహస్యంగానే ఉంచుతున్నారు. మేజర్ లీగ్ జట్లన్నీ దీనినే వాడుతాయి.

పూర్వం ఆటకు ముందు అంపైర్లే బంతులకు బురద రుద్దేవారు. తర్వాత ఈ పని మైదాన సహాయకుల చేతికి వచ్చింది. ఒక్కొక్క ఆటకు వాడే బంతుల సంఖ్య వంద దాటడం సాధారణం. రుద్దే చేతిని బట్టి బంతులు వేరువేరుగా ఉంటున్నాయన్న ఫిర్యాదులు రావడంతో 2022లో లీగు నిబంధనలను ఖరారు చేసింది. వాటి ప్రకారం ఆ రోజు వాడే బంతులకు ఆ రోజే, మూడు గంటల వ్యవధి లోపల బురద రుద్దాలి. అదే సంవత్సరం నుండి 30 మైదానాలలోను బంతులను నియమిత తేమ గల పెట్టెలలో నిలువచేయడం తప్పనిసరి చేశారు. ఈ పద్ధతి 2002లో ఎత్తైన ప్రదేశమైన డెన్వర్‌లో మొదలైంది.

క్లబ్‌హౌస్

ఆటగాళ్ళు దుస్తులు మార్చుకొని, భోజనం చేసి, విశ్రాంతి తీసుకొనే గదుల సముదాయాన్ని క్లబ్‌హౌస్ అంటారు. ఇక్కడి సహాయకులు దుస్తులు ఉతకడం, బూట్లకు అంటిన మట్టి తుడవడం, సామాను సర్దడం, ఆహారం ఏర్పాటు చేయడం వంటి పనులు చేస్తారు. రాత్రి ఆట ముగిసిన తర్వాత బట్టలు ఉతికి, మరునాటి పగటి ఆటకు సిద్ధం చేయవలసి వచ్చినపుడు వీరికి నిద్ర కూడా కరువవుతుంది. చాలాకాలంపాటు వీరి ఆదాయంలో పెద్ద భాగం ఆటగాళ్ళు ఇచ్చే చందాలు, బహుమానాల రూపంలోనే ఉండేది.

రిగ్లీ ఫీల్డ్ క్లబ్‌హౌస్ చరిత్రలో యోష్ కవానో పేరు ప్రసిద్ధం. ఆయన 1921లో సియాటిల్ నగరంలో జపాను సంతతి కుటుంబంలో జన్మించాడు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, అమెరికా ప్రభుత్వం జపాను సంతతివారిని నిర్బంధించినపుడు, ఆయన ఆరిజోనాలోని పోస్టన్ శిబిరంలో ఉండవలసి వచ్చింది. 1943లో కబ్స్ జట్టులో పనికి చేరాడు. తర్వాత దశాబ్దాలపాటు క్లబ్‌హౌస్ బాధ్యతలు నిర్వహించి 2008లో విరమించాడు. 1981లో రిగ్లీ కుటుంబం జట్టును అమ్మినపుడు, కవానో ఉద్యోగం జీవితాంతం కొనసాగాలన్న షరతు కూడా ఒప్పందంలో ఉండేదని చెబుతారు. మైదానంలోని క్లబ్‌హౌస్‌కు ఆయన పేరు పెట్టారు. ఆయన ఎప్పుడూ ధరించే తెల్లని టోపీని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియానికి ఇచ్చారు. 2018లో 97 ఏళ్ళ వయస్సులో మరణించాడు.

బ్యాట్లు అందించి, తిరిగి తెచ్చే బ్యాట్ బాయ్‌లు కూడా ఈ విభాగానికే చెందుతారు. 2002 వరల్డ్ సిరీస్‌లో శాన్ ఫ్రాన్సిస్కో మేనేజరు కుమారుడైన మూడేళ్ళ బాలుడు ఆట సాగుతుండగానే బ్యాటు తేవడానికి హోమ్ ప్లేటు వద్దకు వెళ్ళాడు. పరుగెత్తుకొంటూ వస్తున్న ఆటగాడు జె.టి.స్నో అతనిని చేత్తో ఎత్తుకొని ప్రమాదం తప్పించాడు. దీని తర్వాత బ్యాట్ బాయ్‌లకు కనీస వయస్సు 14 సంవత్సరాలుగా లీగు నిర్ణయించింది.

ప్రకటనలు, సంగీతం, గడియారం

రిగ్లీ ఫీల్డ్‌లో ఆటగాళ్ళ పేర్లు ప్రకటించే పనిని పాట్ పైపర్ 1916 నుండి 1974లో మరణించేవరకు, దాదాపు 59 సీజన్లు నిర్వహించాడు. మైకులు రాకముందు ఆయన పెద్ద మెగాఫోను పట్టుకొని మైదానం అంచున తిరుగుతూ పేర్లు చెప్పేవాడు. మేజర్ లీగ్ మైదానాలలో ఆర్గన్ వాద్యం మొదటిసారి వినిపించినది కూడా ఇక్కడనే, 1941 ఏప్రిల్ 26న.

ఒక బంతి హిట్టా లేక ఫీల్డరు పొరపాటా అని నిర్ణయించి నమోదుచేసే అధికారిక స్కోరరు కూడా తెరవెనుక వ్యక్తే. ఇతనిని నియమించేది జట్టు కాదు, లీగు. 2023లో మరొక బాధ్యత వచ్చి చేరింది. ఆ సంవత్సరం ప్రవేశపెట్టిన గడియారం ప్రకారం, బేస్‌లపై ఎవరూ లేనపుడు 15 సెకన్లలోగా, ఉన్నపుడు 20 సెకన్లలోగా పిచ్చర్ బంతి విసరడం మొదలుపెట్టాలి. 2024లో రెండవ గడువును 18 సెకన్లకు తగ్గించారు. పిచ్చర్ ఆలస్యం చేస్తే ఒక 'బాల్', బ్యాటర్ ఆలస్యం చేస్తే ఒక 'స్ట్రైక్' లెక్కిస్తారు. కనుక గడియారాన్ని ఏ క్షణాన మొదలుపెట్టాలన్నది ఆటను నేరుగా తాకే నిర్ణయం.

అమ్మకందారులు

వరుసల మధ్య తిరుగుతూ హాట్ డాగ్, వేరుశనగ, బీరు వంటివి అమ్మేవారిలో చాలామందికి నికరమైన జీతం కాక అమ్మకంపై కమీషను లభిస్తుంది. వాతావరణం, వచ్చే ప్రేక్షకుల సంఖ్య, ఆట నిడివి వారి రాబడిని నిర్ణయిస్తాయి. తొమ్మిది ఇన్నింగ్సుల ఆట సగటు నిడివి 2022లో 3 గంటల 4 నిమిషాలు ఉండగా, గడియారం వచ్చిన 2023లో 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది. ప్రేక్షకులు దీనిని హర్షించారు. కాని అమ్మకానికి దొరికే సమయం కూడా 24 నిమిషాలు తగ్గింది. బీరు అమ్మకాన్ని ఏడవ ఇన్నింగ్సుతో ఆపడం చాలా మైదానాలలో ఆచారం. 2023లో కొన్ని జట్లు దానిని ఎనిమిదవ ఇన్నింగ్సు వరకు పొడిగించాయి.

ఉద్యోగ నిబంధనలు

మైదాన సిబ్బందిలో కొద్దిమంది మాత్రమే ఏడాది పొడవునా ఉద్యోగులు. మిగిలినవారు సీజను ఉద్యోగులు, లేదా ఆట ఉన్న రోజున మాత్రమే పని దొరికేవారు. చాలా చోట్ల ఆహార విక్రయాన్ని జట్టు కాక వేరే కాంట్రాక్టు సంస్థలు నిర్వహిస్తాయి.

అమెరికాలో కనీస వేతనాన్ని, అదనపు గంటలకు ఒకటిన్నర రెట్ల వేతనాన్ని 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం నిర్దేశిస్తుంది. అయితే తర్వాత చేర్చిన ఒక మినహాయింపు ప్రకారం, ఏడాదిలో ఏడు నెలలకు మించి నడవని వినోద సంస్థలకు, లేదా సంవత్సరంలోని ఒక ఆరు నెలల సగటు రాబడి మిగిలిన ఆరు నెలల సగటులో మూడవ వంతుకు మించని సంస్థలకు ఈ నియమాలు వర్తించవు. బేస్‌బాల్ జట్టు అటువంటి సంస్థ అవునా కాదా అన్న ప్రశ్న పలుమార్లు ఫెడరల్ న్యాయస్థానాల ముందుకు వచ్చింది.

* 1995లో ఫ్లోరిడాలోని సారసోటా వైట్ సాక్స్ అనే చిన్న స్థాయి జట్టుకు చెందిన మైదాన సంరక్షకుడు అదనపు వేతనం కోరగా, ఆ జట్టుకు మినహాయింపు వర్తిస్తుందని అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆటలు లేని నెలలలో అతడు పనిచేసినా, జట్టు సీజనులోనే నడుస్తుందని భావించింది.
* అదే 1995లో సిన్సినాటి రెడ్స్ మైదానంలో పనిచేసే నిర్వహణ సిబ్బంది వేసిన దావాలో, మరొక అప్పీలు న్యాయస్థానం భిన్నమైన తీర్పునిచ్చింది. ఏడాది పొడవునా వందకు పైగా ఉద్యోగులను ఉంచుకొనే సంస్థ ఏడు నెలలే నడుస్తుందని చెప్పలేమన్నది. 1998లో తిరిగి వచ్చినపుడు కూడా తీర్పు సిబ్బందికే అనుకూలంగా వెలువడింది.
* 1997లో డెట్రాయిట్ టైగర్స్ బ్యాట్ బాయ్‌ల దావాలో మాత్రం జిల్లా న్యాయస్థానం జట్టుకు మినహాయింపు వర్తిస్తుందని చెప్పింది.

ఇలా ఒకే రకమైన పనికి ఒకచోట అదనపు వేతనం లభించడం, మరొకచోట లభించకపోవడం జరిగింది.

ఆటలు ఆగిపోయిన సందర్భాలు

ఆట రోజునే జీతం దొరికేవారికి ఆటలు ఆగిపోవడం నేరుగా నష్టం. 1994 ఆగష్టు 12న ఆటగాళ్ళు సమ్మె ప్రారంభించడంతో ఆ సీజను మిగిలిన భాగం, వరల్డ్ సిరీస్‌తో సహా, రద్దయింది. ఆ వివాదంలో ఏ పాత్రా లేని మైదాన సిబ్బందికి ఆ రోజుల పని పోయింది.

2020లో కోవిడ్-19 మహమ్మారి వలన సీజను వాయిదాపడగా, మార్చి నెలలో మేజర్ లీగ్‌లోని 30 జట్లు ఒక్కొక్కటి పది లక్షల డాలర్ల చొప్పున మైదాన సిబ్బందికి సహాయం ప్రకటించాయి. తర్వాత సాధారణ సీజనును 60 ఆటలకు కుదించి, ప్రేక్షకులు లేకుండానే నిర్వహించారు. నేలను బాగుచేసేవారికి పని దొరికింది కాని, అమ్మకందారులకు, సీట్లు చూపించేవారికి దొరకలేదు. 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు యజమానులు లాకౌట్ విధించినపుడు, ఆటగాళ్ళ సంఘం, కార్మిక సంఘాల సమాఖ్య కలిసి మైదాన సిబ్బంది కోసం పది లక్షల డాలర్ల నిధిని ఏర్పాటు చేశాయి.

ఇటీవల సిబ్బంది స్వయంగా సమ్మెకు దిగిన సందర్భం కూడా ఉంది. 2025 జూలై 25 నుండి 27 వరకు బోస్టన్ ఫెన్‌వే పార్కులో ఆహార విక్రయ కార్మికులు మూడురోజుల సమ్మె చేశారు. వేతనాల పెంపుతో పాటు, మనుషుల స్థానంలో స్వయంసేవా యంత్రాలను పెట్టడంపై పరిమితులు కావాలన్నది వారి ముఖ్యమైన కోరిక. 1912లో ప్రారంభమైన ఆ మైదానంలో ఆహార విక్రయ కార్మికులు సమ్మె చేయడం అదే మొదటిసారి.

యంత్రాల ప్రవేశం అన్ని పనులను ఒకే విధంగా తాకలేదు. రిగ్లీ ఫీల్డ్ స్కోరుబోర్డును సంప్రదాయం పేరిట ఇప్పటికీ చేతులతోనే నడుపుతున్నారు. దిబ్బ మీద గుంతను పూడ్చడం, తేమను అంచనా వేయడం, బంతికి బురద రుద్దడం కూడా మనిషి చేతిమీదనే ఆధారపడి ఉన్నవి. అమ్మకపు కౌంటర్లలో మాత్రం ఆ మార్పు ప్రారంభమైనది.

ఇవి కూడా చూడండి

* బేస్‌బాల్
* మేజర్ లీగ్ బేస్‌బాల్
* చికాగో కబ్స్
* ఫెన్‌వే పార్కు
* క్రికెట్ పిచ్